డిస్కులో హద్దురాళ్ళు

పిల్లలూ!

కిందటి నెల ఈ పేజీలో మన తీరాన ఉప్పు మళ్ళలో ఉప్పు ఎట్లా పండుతుందో చెప్పుకున్నాం. ఈ నెల గాలిపటం ఎందుకు ఎగురుతుందో చెబుతానని మాట ఇచ్చాను. ఆ మాట ఈసారికి తప్పుతున్నాను. గాలిపటం గురించి రాసుకున్నదంతా మా కంప్యూటరులో ఉన్నది. ఆ కంప్యూటరుకు నేను చేసిన పని వింటే మీరు నవ్వుతారు. నవ్వండి, పరవాలేదు. నవ్విన తరువాత ఈ పేజీ మీ అమ్మకో నాన్నగారికో చదివి వినిపించండి. ముప్ఫై అయిదేళ్ళు లెక్కలు చెప్పిన మనిషి ఒక చిన్న లెక్క వేసుకోక ఎంత పని తెచ్చుకున్నాడో వాళ్ళకూ తెలుస్తుంది.

నేను ఉద్యోగం విరమించిన తరువాత ఒక పని పెట్టుకున్నాను. మైపాడు మొదలుకొని ఇస్కపల్లి దాకా సముద్రం ఒడ్డున ఉన్న పాలేలలో తిరిగి, పెద్దవాళ్ళ మాటలు రికార్డు చెయ్యటమే ఆ పని. ఏ గాలి వీస్తే ఏ చేప ఒడ్డుకు వస్తుంది, నడిసముద్రంలో చుక్కలను చూసి వేళ ఎట్లా చెబుతారు, 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన పెనుతుపాను రాత్రి ఎవరు ఎక్కడ తలదాచుకున్నారు, ఇటువంటివన్నీ వాళ్ళ నోటనే విని భద్రం చేశాను. మొత్తం 43 రికార్డులు అయినాయి. చెప్పినవాళ్ళలో కొందరు ఇప్పుడు లేరు.

మా కంప్యూటరు పాతది. దాని డిస్కు 500 జీబీ. అందులో సీ, డీ అని రెండు భాగాలు. సీ లో విండోసు ఉన్నది. డీ లో నా రికార్డులూ, ఫొటోలూ, రాతలూ ఉన్నాయి. అయితే కొత్తగా తెచ్చిన వస్తువును అలమారలో పెట్టకుండా బల్ల మీదనే వదిలెయ్యటం మనుషులకు అలవాటు గదా! నేనూ అంతే. చివర చేసిన మూడు రికార్డులను డీ లోకి చేర్చకుండా, కంప్యూటరు తెరవగానే కనిపించేచోట, అనగా సీ లోనే ఉంచేశాను.

సెలవులకు వచ్చిన మా మనవడు, "తాతా, నీ మిషను నత్తలాగా నడుస్తున్నది. లినక్సు వేసుకో, పరుగెత్తుతుంది," అన్నాడు. మరొక పాత కంప్యూటరులోంచి తీసిన 250 జీబీ డిస్కును మా యంత్రంలో రెండవ డిస్కుగా బిగించాడు. లినక్సు ఉన్న పెన్‌డ్రైవు నా చేతికిచ్చి, "ఈ చిన్న డిస్కులోనే వేసుకో. పెద్దదాని జోలికి పోకు," అని మరీ మరీ చెప్పి బెంగుళూరు బండి ఎక్కాడు.

పోకూడదనే నేనూ అనుకున్నాను. పెన్‌డ్రైవుతో కంప్యూటరు తెరిచాను. డిస్కులను భాగాలు చేసే ప్రోగ్రాము ఒకటి వచ్చింది. అందులో రెండు వరసలున్నాయి. మొదటి వరసలో 'ఎస్‌డీఏ' అనే డిస్కు, దాని ఎదుట 232 అనే అంకె. రెండవ వరసలో 'ఎస్‌డీబీ' అనే డిస్కు, దాని ఎదుట 465. ఎంత చూసినా 500 లేదు, 250 లేదు! సరే, ఇంట్లో మొదటినుంచీ ఉన్నది మొదటి వరస అయి ఉంటుంది, కొత్తగా బిగించినది రెండవ వరస అయి ఉంటుంది అనుకున్నాను. అక్కడే మునిగాను. కంప్యూటరు డిస్కులకు పెట్టే ఆ పేర్లకు, మనం వాటిని కొన్న వరసతో ఏమీ సంబంధం లేదు.

ఆ అంకెల సంగతి మీరు ఇప్పుడే కాగితం మీద వేసి చూడవచ్చు. డిస్కు తయారుచేసేవాళ్ళు ఒక జీబీ అంటే సరిగా నూరు కోట్ల బైట్లని లెక్క కడతారు. కంప్యూటరు లోపల చాలా ప్రోగ్రాములు 1,024 ను మూడుసార్లు హెచ్చవేసి, 107,37,41,824 బైట్లయితేనే ఒకటి అంటాయి. 500 నూరు కోట్లను ఈ పెద్ద అంకెతో భాగించండి. 465 చిల్లర వస్తుంది. 250 కి 232 చిల్లర వస్తుంది. బస్తాలో ధాన్యం అంతే ఉన్నది, కుంచం పెద్దది కాబట్టి కుంచాల సంఖ్య తగ్గింది. ఈ భాగహారం ఆ సాయంత్రం చేసి ఉంటే ఈ నెల మీరు గాలిపటం గురించి చదువుతూ ఉండేవాళ్ళు.

ఎస్‌డీబీలో ఏవో రెండు భాగాలు కనిపించినాయి. పాత కంప్యూటరులోది గదా, దాని తాలూకు చెత్త కాబోలు అనుకున్నాను. "కొత్త పార్టిషన్ టేబులు రాయమంటావా? డిస్కులో ఉన్నదంతా పోతుంది," అని ప్రోగ్రాము హెచ్చరించింది. సరే అని నొక్కాను. తరువాత 30 జీబీలు ఒక భాగంగా కోసి, లినక్సును అందులో వెయ్యమన్నాను. అది పని మొదలుపెట్టింది. నేను కాఫీ తెచ్చుకుని వచ్చి తెర చూస్తే, ఆ డిస్కులో ఇంకా మిగిలి ఉన్న ఖాళీ 435 అని కనిపించింది.

చిన్న డిస్కు మొత్తమే 232 గదా. అందులో 30 పోతే 435 ఎట్లా మిగులుతుంది?

అల వెనక్కు పోయేటప్పుడు ఒడ్డున నిలబడి చూడండి, అరికాళ్ళకింది ఇసుక జారిపోతుంది. నాకు సరిగా అట్లాగే అయింది.

నా పాత శిష్యుడొకడు నెల్లూరులో కంప్యూటర్లు బాగుచేస్తాడు. పదో తరగతిలో నా చేత చీవాట్లు తిన్నవాడే. వాడికి ఫోను చేశాను. నేను చెప్పింది సగం కూడా వినకుండానే, "అయ్యవారూ, ఇంకేమీ నొక్కబాకండి! అది అడిగేదానికి అవుననీ చెప్పబాకండి, కాదనీ చెప్పబాకండి. స్విచ్చి ఆపెయ్యండి. నేను రేపు పొద్దున్నే వస్తా," అన్నాడు.

"అన్నీ పోయినట్టేనా అబ్బయ్యా?" అన్నాను.

"పుస్తకం పోయింది అయ్యవారూ. పొలం పోయిందో లేదో రేపు చూద్దాం," అన్నాడు.

ఈ మాట మీకు అర్థం కావాలంటే కాస్సేపు కంప్యూటరును పక్కన పెట్టి, మన ఊరి పొలాల్లోకి వెళ్ళాలి.

ఊళ్ళో భూమికి గుర్తులు రెండు చోట్ల ఉంటాయి. ఒకటి పుస్తకంలో. ఏ సర్వే నంబరు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో, ఎన్ని సెంట్లో అందులో కొలతలతో సహా ఉంటుంది. 1984 లో కరణం ఉద్యోగాలు రద్దు అయ్యేదాకా ఆ పుస్తకాలు కరణంగారి దగ్గర ఉండేవి. రెండవ గుర్తు నేల మీద ఉంటుంది. అదే హద్దురాయి. హద్దురాళ్ళను కాపాడే బాధ్యత భూమిగలవాళ్ళదేనని 1923 నాటి సర్వే, హద్దుల చట్టం చెబుతున్నది. ఇప్పుడు చెప్పండి. ఒక రాత్రి చెదలు పట్టి పుస్తకం నాశనమైందనుకుందాం. తెల్లవారేసరికి కయ్యల్లో వరి మాయమవుతుందా? కాదు. వరి ఎక్కడిదక్కడే ఉంటుంది. ఏ కయ్య ఎవరిదో పుస్తకం చూసి చెప్పటానికి మాత్రమే వీలుండదు. అప్పుడు సర్వేయరు వచ్చి, గొలుసు పట్టుకుని, నేల మీద ఉన్న రాళ్ళను ఒక్కటొక్కటే వెతికి, వాటిని బట్టి పుస్తకం మళ్ళీ రాస్తాడు.

డిస్కులోనూ ఇదే ఏర్పాటు. మన నెల్లూరులో ఇళ్ళస్థలాన్ని అంకణాల్లో కొలుస్తాం గదా, ఒక అంకణం 72 చదరపు అడుగులు. డిస్కుకూ అటువంటి అంకణం ఉన్నది. దాన్ని సెక్టారు అంటారు. మా డిస్కులో ఒక సెక్టారుకు 512 బైట్లు పడతాయి. అటువంటి సెక్టార్లు అందులో 97 కోట్ల 67 లక్షలకు పైగా ఉన్నాయి. వాటిలో మొట్టమొదటి సెక్టారు కరణంగారి పుస్తకం. అందులో కూడా 446 బైట్లు కంప్యూటరును మేల్కొలిపే చిన్న ప్రోగ్రాముకు పోతాయి. చివరి రెండు బైట్లు ముద్ర వంటివి. మధ్యన మిగిలిన 64 బైట్లే పార్టిషన్ టేబులు, అనగా భాగాల పట్టిక. ఒక్కొక్క భాగానికి 16 బైట్ల చొప్పున నాలుగు భాగాలకు చోటు. ప్రతి గడిలో "నేను ఫలానా సెక్టారు దగ్గర మొదలవుతాను, నా పొడవు ఇంత" అని ఉంటుంది.

64 బైట్లు ఎంత చిన్నవో తెలుసా? కంప్యూటరులో సాధారణంగా రాసే పద్ధతిలో ఒక్కొక్క తెలుగు సంకేతానికి మూడు బైట్లు పడతాయి. కొమ్మూ, గుడీ, ఒత్తూ కూడా విడిగా లెక్కే. కాబట్టి 64 బైట్లలో 21 సంకేతాలు మాత్రమే పడతాయి, ఒక చిన్న వాక్యం కూడా నిండదు. 500 జీబీల డిస్కుకు హద్దులన్నీ అంత చోటులో ఉన్నాయి!

ఈ పట్టిక పద్ధతి 1983 లో ఐబీఎం కంపెనీ పీసీ ఎక్స్‌టీ అనే కంప్యూటరుతోపాటు వచ్చింది. ఆ యంత్రంలో డిస్కు 10 మెగాబైట్లు. ఆ పట్టికలో ఎంత పెద్ద అంకె రాసినా, 512 బైట్ల సెక్టార్లతో సుమారు 2 లక్షల 20 వేల కోట్ల బైట్లు దాటి చెప్పటం కుదరదు. డిస్కులు పెద్దవైన కొద్దీ అది చాలలేదు. అందుచేత ఇప్పటి కంప్యూటర్లలో జీపీటీ అనే కొత్త రకం పట్టిక వాడుతున్నారు. దీనిలో ఒక తెలివైన ఏర్పాటు ఉన్నది: పట్టిక డిస్కు మొదట ఒకటి, చిట్టచివర దాని నకలు ఒకటి. ఒక పుస్తకం ఊళ్ళో, ఇంకొకటి కలెక్టరు కచ్చేరీలో ఉంచినట్టు. మాది పాత రకం కాబట్టి మాకు ఆ అదృష్టం లేదు.

నేను సరే అని నొక్కినప్పుడు ఆ ప్రోగ్రాము డిస్కులో ఉన్నదంతా పోతుందని బెదిరించింది గదా. నిజంగా అది చెరిపింది ఆ పట్టికనే. 97 కోట్ల సెక్టార్లనూ అది తాకనైనా తాకలేదు. అంతవరకు బాగానే ఉన్నది. కాని దాని తరువాత నేను 30 జీబీల భాగం చేసి లినక్సు వెయ్యమన్నాను చూడండి, అది పుస్తకం చింపటం కాదు, కయ్యలోకి నాగలి దింపి దున్నటం. దున్నిన చోట పంట ఉండదు.

మరునాడు ఉదయం మా శిష్యుడు సంచీ భుజాన వేసుకుని వచ్చాడు. వస్తూనే మా డిస్కును ఊడదీశాడు. తన లాప్‌టాపుకు తగిలించి, దాని నకలు తియ్యటం మొదలుపెట్టాడు. ఫైళ్ళను నకలు తియ్యటం కాదు సుమా. మొదటి సెక్టారు నుంచి చివరి సెక్టారు దాకా, ఉన్నదీ లేనిదీ చూడకుండా, అచ్చు గుద్దినట్టు తియ్యటం. సెకనుకు 100 మెగాబైట్ల చొప్పున పోతే 500 జీబీలకు 5,000 సెకన్లు, అనగా గంటా ఇరవైమూడు నిమిషాలు పడుతుందని నేను వేళ్ళ మీద లెక్క వేశాను. మధ్యాహ్నం భోజనం అయ్యేదాకా పట్టింది. పాత డిస్కులు మన లెక్క వినవు.

"నేరుగా వెతకవచ్చు గదా, ఇంతసేపు ఎందుకు?" అన్నాను.

"మీరే చెప్పేవాళ్ళు గదా అయ్యవారూ, లెక్క ముందు రఫ్ కాగితం మీద చెయ్యమని! నకలు మీద తప్పు చేస్తే ఇంకొక నకలు తీసుకోవచ్చు. అసలు మీద చేస్తే ఏం చేస్తాం?" అన్నాడు.

నేనింక మాట్లాడలేదు.

మనం శ్రీహరికోటకు దగ్గర్లో ఉన్నవాళ్ళం కాబట్టి రోదసి కథ ఒకటి చెబుతాను. శ్రీహరికోటనుంచి మొదటి రాకెట్టు 1971 అక్టోబరు 9 న ఎగిరిందని మీకు తెలుసు. ఈ కథ మాత్రం అమెరికా వాళ్ళది. 2004 జనవరిలో స్పిరిట్ అనే ఆరు చక్రాల బండిని అంగారకుడి మీద దింపారు. మూడు వారాలు గడవకుండానే అది సరిగా బదులు చెప్పటం మానేసింది. దాని కంప్యూటరు నిద్ర లేవటం, జ్ఞాపకాల గదిలోకి తొంగిచూడటం, తూలిపడటం, మళ్ళీ లేవటం, ఇట్లా అరవైసార్లకు పైగా చేసింది. రాత్రి నిద్రపోవలసిన యంత్రం మేలుకుని ఉండేసరికి బాటరీ కూడా తరిగిపోతున్నది. ఇంజనీర్లు ఏం చేశారు? "నీవు లేచేటప్పుడు ఆ గది తలుపు తెరవవద్దు, దాన్ని ముట్టుకోకుండా లే," అని ఆజ్ఞ పంపారు. బండి స్థిమితపడింది. అప్పుడు నెమ్మదిగా చూస్తే, గదిలో ఫైళ్ళు మితిమీరి చేరి, వాటి జాబితా పట్టటానికే చోటు చాలటంలేదని తెలిసింది. అవసరం లేనివి తీసేసి, గదిని శుభ్రం చేసి మళ్ళీ వాడుకున్నారు. మూడు నెలలకని పంపిన ఆ బండి 2010 దాకా మాట్లాడింది. మా శిష్యుడు స్విచ్చి ఆపమన్నదీ, మా డిస్కును ఇంకొక కంప్యూటరుకు తగిలించి చూసినదీ ఇందుకే. జబ్బు చేసిన డిస్కుతో కంప్యూటరును లేపితే, లేచేటప్పుడు అది ఊరుకోదు. ఏదో ఒకటి రాస్తుంది.

నకలు పూర్తి అయిన తరువాత వాడు టెస్ట్‌డిస్క్ అనే ప్రోగ్రామును తెరిచాడు. ఫ్రాన్సు దేశపు క్రిస్టోఫ్ గ్రెనియే అనే ఆయన దీన్ని రాసి, ఎవరైనా ఉచితంగా వాడుకునేటట్టు లోకానికి ఇచ్చాడు. ఇదే మన సర్వేయరు. ఇది డిస్కు పొడవునా నడుచుకుంటూ హద్దురాళ్ళను వెతుకుతుంది.

డిస్కులో హద్దురాయి ఎట్లా ఉంటుంది? విండోసు ఒక భాగాన్ని సిద్ధం చేసినప్పుడు, ఆ భాగం మొదటి సెక్టారులో 'ఎన్‌టీఎఫ్ఎస్' అని అక్షరాలు రాసి, ఈ భాగం మొత్తం ఎన్ని సెక్టార్లో కూడా రాస్తుంది. అదే రాతకు నకలు ఆ భాగపు చివరి సెక్టారులోనూ ఉంచుతుంది. కయ్యకు ఈ మూల ఒక రాయి, ఆ మూల ఒక రాయి. ఒకటి పోయినా రెండవది చూసి హద్దు కట్టవచ్చు. నేను చెరిపినది పుస్తకాన్ని మాత్రమే గదా, రాళ్ళ జోలికి పోలేదు.

తెర మీద వరసలు కదులుతున్నాయి. మా ఇంటావిడ గడప దగ్గర నిలబడి, "ఏమైనా కనిపించిందా నాయనా?" అని పదినిమిషాలకొకసారి అడుగుతూనే ఉన్నది. ఒకచోట ఆగి, "డీ దొరికింది అయ్యవారూ," అన్నాడు. కాని వెంటనే పట్టిక రాయలేదు. ముందు ఆ భాగం లోపల ఏమున్నదో చూపించమని ప్రోగ్రామును అడిగాడు. ఫైళ్ళ పేర్లు బారులు తీరి వచ్చినాయి. వంజరం, కానాగంతలు, చుక్కలు, తుపాను అని నేను పెట్టుకున్న పేర్లే! నలభై రికార్డులూ ఉన్నాయి. ఒకటి తెరిచి వినిపించాడు. అలల హోరు, దాని వెనక ఒక ముసలాయన దగ్గు. ఆ దగ్గు విని నేను ఎంత సంతోషించానో చెప్పలేను.

అయితే చిక్కు ఒకటి వచ్చింది. డీ మధ్యలో ఇంకొక హద్దురాయి దొరికింది. అది "నేనూ ఒక భాగాన్నే" అంటున్నది. ఒకే నేలకు ఇద్దరు హక్కుదారులు! ఆలోచిస్తే జ్ఞాపకం వచ్చింది. ఈ కంప్యూటరు కొన్నప్పుడు దుకాణంవాళ్ళు డిస్కును మూడు భాగాలు చేసి ఇచ్చారు. తరువాత మేము వెనకటి రెండింటినీ కలిపి ఒకటి చేసుకున్నాం. ఆనాటి మూడవ భాగపు రాయి అట్లాగే పాతుకుని ఉండిపోయింది. ప్రోగ్రాము రాళ్ళను వెతకగలదు గాని, ఏది నేటి రాయి, ఏది పాత రాయి అన్నది దానికదే తేల్చలేదు. రెండు భాగాలు ఒకదానిమీద ఒకటి పడితే అందులో ఒకటి తప్పు. ఏది తప్పో లోపలి ఫైళ్ళు చూసి మనిషి చెప్పాలి. ఇక్కడ తొందరపడి పాత రాయిని నమ్మి పట్టిక రాసినవాళ్ళు మళ్ళీ చిక్కులో పడతారు.

ఇక సీ సంగతి. దాని చివరి రాయి దొరికింది గాని, నా నాగలి తిరిగింది అక్కడే. ఫైళ్ళ పేర్లూ, అవి ఏ సెక్టార్లలో ఉన్నాయో చెప్పే విషయసూచిక కొత్త రాతల కింద పడిపోయింది. విండోసు పోయినందుకు నాకు విచారం లేదు, మళ్ళీ వేసుకోవచ్చు. బల్లమీద వదిలిన మూడు రికార్డుల మాట ఏమిటి?

దానికి ఫోటోరెక్ అనే రెండవ ప్రోగ్రాము వాడాడు. అదీ గ్రెనియేగారి చేతిదే. ఇది పుస్తకాన్నీ అడగదు, రాళ్ళనూ చూడదు. నేరుగా పంటను చూసి గుర్తుపడుతుంది. ప్రతి రకం ఫైలుకూ మొదట కొన్ని గుర్తు బైట్లుంటాయి. నా రికార్డుల వంటి శబ్దపు ఫైళ్ళు 'ఆర్ఐఎఫ్ఎఫ్' అనే నాలుగు ఇంగ్లీషు అక్షరాలతో మొదలవుతాయి. వెంటనే వాటి పొడవు కూడా ఉంటుంది. ఆ గుర్తు ఎక్కడ కనిపిస్తే అక్కడినుంచి అంత పొడవు కోసి బయట పెడుతుంది. పేర్లు మాత్రం రావు, అంకెలే వస్తాయి. ఫైలు ముక్కలుముక్కలుగా వేరువేరు చోట్ల ఉంటే ఇది అతకలేదు కూడా. విండోసు తాలూకు గంటల మోతలతో సహా వందలకొద్దీ ఫైళ్ళు వచ్చినాయి. మేమిద్దరం ఆ సాయంత్రమంతా వాటిని ఒక్కొక్కటే వింటూ కూర్చున్నాం. మొదటి రికార్డు నిండుగా దొరికింది. రెండవది కూడా దొరికింది.

మూడవది నలభై ఏడు నిమిషాలది. 1989 తుపాను గురించి చెప్పిన ఒక పెద్దాయన గొంతు. మొదటి పదకొండు నిమిషాలు చక్కగా వినిపించింది. పడవలు ఎంత దూరం లాగి కట్టారో, ఆకాశం ఏ రంగులో ఉన్నదో, పిల్లలను ఎత్తుకుని ఎటు బయలుదేరారో చెప్పాడు. "అప్పుడు మా అమ్మ..." అన్నాడు. ఆ తరువాత బుస్సుమనే చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆ చోట లినక్సు ఫైళ్ళు పడినాయి. దున్నిన చోటు అదే. ఆ పెద్దాయన కిందటి సంక్రాంతికి ముందే పోయాడు.

తల్లిదండ్రులకు రెండు మాటలు చెప్పి ముగిస్తాను. ఇదంతా లోపల తిరిగే పళ్ళెం ఉన్న పాత రకం డిస్కు కథ. ఎస్ఎస్‌డీ అనే కొత్త రకం డిస్కుల్లో పట్టిక ఒక్కటే చెరిగితే ఇట్లాగే వెతుక్కోవచ్చు గాని, ఫార్మాటు చేస్తే కథ మారుతుంది. ఆ చోటు ఖాళీ అయిందని కంప్యూటరు డిస్కుకు కబురు పంపుతుంది. డిస్కు లోపలే ఆ గదులను తుడిచేసుకుంటుంది. తుడిచిన తరువాత ఏ సర్వేయరూ ఏమీ చెయ్యలేడు. పాత డిస్కు టక్కు టక్కుమని చప్పుడు చేస్తుంటే అది పట్టిక జబ్బు కాదు, యంత్రం జబ్బు. ఈ ప్రోగ్రాములు ఏవీ నడపకుండా వెంటనే ఆపెయ్యాలి. బాగుచేసే దుకాణానికి తీసుకుపోయినప్పుడు "విండోసు మళ్ళీ వేసి ఇవ్వండి" అని మొదటి మాటగా అనకండి. "ఇందులో మాకు కావలసినవి ఉన్నాయి, అవి తీసిన తరువాతనే ఏదైనా" అని చెప్పండి. ఫొటోలు ఒక్క డిస్కులోనే ఉన్న ఇళ్ళు ఎన్నో నాకు తెలుసు. మాదీ అటువంటి ఇల్లే. ఇప్పుడు రికార్డుల నకలు ఒకటి మా మనవడి దగ్గర బెంగుళూరులో ఉన్నది. ఇంకొకటి ఊరి బడి బీరువాలో ఉన్నది. డిస్కు భాగాల కొలతలను మా గోడ కాలెండరు వెనక పెన్సిలుతో రాసి పెట్టాను.

ఆ పదకొండు నిమిషాలను తీసుకుని పెద్దాయన కూతురి దగ్గరకు వెళ్ళాను. ఆమె రెండుసార్లు విన్నది. ఆ రాత్రి ఆమెకు ఏడేళ్ళట. నాన్న "అప్పుడు మా అమ్మ" అన్నచోటు నుంచి తనకు జ్ఞాపకం ఉన్నంతవరకు ఆమె చెప్పింది. ఇరవై నిమిషాలు వచ్చింది. దాన్ని ఆ రోజే డీ లో పెట్టాను.

ఈ నెల లెక్క: ఒక చిన్న డిస్కులో 0 నుంచి 999 దాకా వెయ్యి సెక్టార్లు ఉన్నాయి. పట్టిక చెరిగిపోయింది. వెతికితే నాలుగు రాళ్ళు దొరికినాయి. 10 వ సెక్టారులోని రాయి "నా పొడవు 300" అంటున్నది. 310 లోని రాయి "నా పొడవు 400" అంటున్నది. 500 లోని రాయి "నా పొడవు 200" అంటున్నది. 710 లోని రాయి "నా పొడవు 290" అంటున్నది. వీటిలో పాత రాయి ఏదై ఉంటుంది? ఎందుకు? అది నిశ్చయంగా తేల్చుకోవటానికి ఇంకేమి చూడాలి? గళ్ళ కాగితం మీద గీసి పంపండి. జవాబు వచ్చే సంచికలో, గాలిపటంతోపాటు.